గాజుల కింద గీత

ఆగస్టు 19, మంగళవారం

ఇది 2023 డైరీ. మా ఓనర్ ఆదికేశవులు గారికి బేరింగుల కంపెనీ వాళ్ళు ఇచ్చింది. రెండేళ్ళుగా వాషర్ల డబ్బా కింద పడి ఉంటే దులిపి తెచ్చుకున్నాను. అచ్చు తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. వాడని కాగితానికి వయసేముంది.

తెలుగులోనే రాస్తాను. స్కూల్లో చదివింది అరవం. తెలుగు అక్షరాలు చూలైలో మా లేత్ షాపు గోడకు వేలాడే క్యాలెండర్ చూసి, భోజనం టైములో, ఒక్కొక్కటే పట్టుకున్నవి. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. చదవడం ఎవరికీ రాదు. అమ్మకు ఏ అక్షరమూ రాదు. మంగళక్కకు అరవం తప్ప రాదు. ఈ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద తెరిచి పెట్టి పోయినా భయం లేదు. వాషర్‌మెన్‌పేట్‌లో ఒక్క గది ఇంట్లో మనిషికి ఇంతకంటే మంచి తాళం దొరకదు.

ఈరోజు కుక్కపిల్లను తెచ్చాను. షాపు వెనక ఇత్తడి పొట్టు పోసే సందులో ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. తల్లిని పోయిన వారం లారీ తొక్కేసింది. పక్క మిషన్ మణిమారన్ రెండు తీసుకున్నాడు, టీకొట్టు వాళ్ళు ఒకటి. మిగిలింది నాది. రెండున్నర నెలలు ఉంటాయేమో. ఒక చెవి నలుపు. బోల్టు అని పేరు పెట్టాను.

అమ్మ గడప దగ్గరే ఆపేసింది. వచ్చే ఆదివారం మణలిలో అక్క సీమంతం. గాజులు తొడిగాక అక్క కాన్పు దాకా మా ఇంట్లోనే ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషి ఉండే చోటికి వీధికుక్కా అని అమ్మ గొడవ.

"దానికి సూది ఏసిందేనా?" అని అడిగింది.

"ఏసిందే," అన్నాను.

వేయలేదు. ఆదివారం వేయిస్తాను. ఆదివారం సీమంతం. ఆ పై ఆదివారం వేయిస్తాను. ఇంకా పాలపళ్ళు. పసిదానికి ఏ రోగం ఉంటుంది.

ఆగస్టు 21

ఇత్తడి పొట్టు గోరు కింద దిగింది. నా చేతుల నిండా గీతలే. ఏది ఏ రోజుదో నాకే తెలియదు. ఓనర్‌కు తెలిసిన వైద్యం ఒకటే, వీధి చివర క్లినిక్‌లో టీటీ. కోసుకుంటే టీటీ. కాలితే టీటీ. మేకు దిగితే టీటీ. ఒకసారి పంటి నొప్పికి కూడా ఆయన టీటీ వేయించుకుని వచ్చి తగ్గిందన్నాడు. మా షాపులో మనుషులకు జబ్బు ఏదైనా సూది ఒకటే. సూది పడితే మిషన్ ఎక్కాలి.

రేపటికి పదిహేను వందల ఇత్తడి బుష్‌లు కావాలట. ఆయన అడగడానికి నోరు చాలు. చేయడానికి నా నడుము కావాలి.

బోల్టు నా చెప్పు కొరికి చీల్చింది. పొద్దుటి నుంచి నేను నవ్వింది అప్పుడే.

ఆగస్టు 24, ఆదివారం

మణలి వెళ్ళి వచ్చాం. బస్సు దిగగానే ముక్కులో ఆ ఫ్యాక్టరీల వాసన. బావ ముత్తురాజ్ అక్కడే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. షిఫ్టు దిగి నేరుగా వచ్చి పీటల మీద కూర్చున్నాడు. చందనం పూసే లోపలే నిద్రపోయాడు. తల వాలితే అక్క మోచేత్తో పొడిచింది. ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండు షిఫ్టులు వరసగా చేసిన మనిషిని చూసి ఏం నవ్వాలి.

ముందు వేపరెమ్మ గాజు, తరవాత గాజు గాజులు. ఎరుపు, పచ్చ. రెండు చేతులకూ ముంజేయి సగందాకా. ఆ సవ్వడి లోపలి బిడ్డకు వినిపించాలట. కాన్పు అయ్యే దాకా ఒక్కటి కూడా తీయకూడదని అమ్మ తిరిగొచ్చే బస్సులో మూడుసార్లు చెప్పింది. కండక్టర్‌కు కూడా చెప్పేదే.

ఇంటికి రాగానే బోల్టు అక్క ఒడిలోకి ఎక్కి పడుకుంది. అక్క ముఖం చిన్నపిల్ల ముఖం అయింది. చిన్నప్పుడు కుక్క కావాలని ఏడ్చింది తనే. నాన్న ఒప్పుకోలేదు. ఇప్పుడు నాన్న లేడు, కుక్క ఉంది.

మంచి పనే చేశాను.

ఆగస్టు 28, గురువారం

నిన్న వినాయక చవితి. మిగిలిన కుడుములు పొద్దున అక్క గడప మీద కూర్చుని తింటోంది. నేను బోల్టును మెడ దగ్గర పట్టుకుని ఉన్నాను. కుడుము చూసి ఎగిరింది. గోళ్ళు ముందు నా చేతి మీద దిగాయి, తరవాత అక్క ఎడమ చేతి మీద. ఒక గోరు గాజుల మధ్యలో ఇరుక్కుని గింజుకుంది. రెండు గాజులు పగిలాయి. మణికట్టు పైన వేలంత గీత. ఆ గీతకు ఒక కొసన రక్తం చుక్క లేచింది.

అమ్మ పరుగెత్తుకుని వచ్చింది. గీత కంటే ముందు గడప మీది ఎర్ర ముక్కలు చూసింది. సీమంతం గాజులు పగిలినాయే తల్లీ అని తల పట్టుకుంది.

అక్క నన్ను చూసింది. బోల్టును చూసింది.

"గాజు గీసుకునింది మా, ఏమీ లేదు," అంది.

అమ్మ పసుపు అద్దింది. మిగిలిన గాజులు దాని మీదికి జరిపింది. గీత కనపడలేదు. అమ్మ లోపలికి పోయాక అక్క మెల్లగా అడిగింది.

"దీనికి సూది ఏయించినావు గదరా నరేనా?"

"ఏయించినా."

"సరి అయితే. చెప్పినామంటే అమ్మ దీన్ని ఎత్తుకోని పోయి రోడ్డు మీద ఇడిసేస్తాది."

నా చేతిని షాపులో రోజూలాగే రంపపు పొట్టు, సబ్బుపొడి వేసి రుద్దుకున్నాను, ఆయిల్ జిడ్డు పోవడానికి.

ఆగస్టు 29

గీత. అంతే. ఇత్తడి పొట్టు రోజూ ఇంతకంటే లోతుగా గీస్తుంది.

ఆగస్టు 30, శనివారం

అక్కను అమ్మ కార్పొరేషన్ ఆస్పత్రికి నెల చెకప్‌కు తీసుకెళ్ళింది. అక్కడి నర్సు చేతికి ఏమైందని అడిగిందట. గాజు పగిలి గీసుకుందని అమ్మ చెప్పింది. టీటీ పోయిన నెలే పడింది, ఇంకొకటి అక్కర్లేదు అన్నారట. బిడ్డ బాగుంది. బరువు బాగుంది.

అంటే సూది పడింది. ఆస్పత్రి వాళ్ళే చూశారు. వాళ్ళే చాలన్నారు.

ఈరోజు లేత్ చక్కులో బుష్ సరిగా బిగించకుండా మిషన్ ఆన్ చేశాను. ఎగిరి గోడకు తగిలింది. నా తల పక్క నుంచే పోయింది. ఓనర్ బుష్ కోసం వెతికాడు.

ఆగస్టు 31, ఆదివారం

బోల్టుకు సూది వేయించాల్సిన రోజు. నిద్రపోయాను. వారమంతా పన్నెండు గంటలు నిలబడ్డవాడు నిద్రపోతాడు. ఎవరైనా నిద్రపోతారు.

సెప్టెంబర్ 1

బోల్టు పాలు తాగలేదు. మంచం కింద చీకటి మూలకు చేరింది. పిలిస్తే రావడం లేదు. ఎండ.

సెప్టెంబర్ 2

ఎండ కాదు. నాలుగు రోజుల కుడుములు తిన్నది కదా, కడుపు చెడింది.

మంచం కోడు కొరుకుతోంది. చెక్క పెళ్ళలు నోట్లో పెట్టుకుని నమలలేక వదిలేస్తోంది. గొంతు మారింది. మొరిగితే బొంగురుగా, సగంలో తెగిపోతోంది. నీళ్ళ గిన్నె దగ్గరికి పోతుంది, మూతి పెడుతుంది, మింగలేక వెనక్కి వస్తుంది. దవడ నుంచి చొంగ తీగలా.

సంచిలో వేసి షాపు వెనక సందులో కట్టేశాను. ఇంట్లో ఏమని చెప్పాలి, సూదికి తీసుకుపోయానని చెప్పాను. మొన్ననే ఏసిందే అన్నావే అని అమ్మ అడిగింది. అది మొదటిది, ఇది రెండోది అన్నాను. ఇంత చక్కగా ఎలా వస్తున్నాయో నోటికి.

సెప్టెంబర్ 4, గురువారం

బోల్టు పొద్దున చచ్చిపోయి ఉంది.

మణిమారన్, నేను తోలు గ్లౌజులు వేసుకుని లోతుగా తవ్వి పూడ్చాం. గ్లౌజులు కాల్చేశాం. అతను మామూలుగా రోజంతా పాడుతూ పనిచేసే మనిషి. ఈరోజు పాట లేదు. తరవాత చెప్పాడు. అతని రెండింటిలో ఒకటి సోమవారమే ఇలాగే పోయిందట. మంగళవారం నుంచి పెద్దాస్పత్రిలో కుక్క సూదులు వేయించుకుంటున్నాడట, పెళ్ళాన్నీ తీసుకుపోతున్నాడట. నాకెందుకు చెప్పలేదురా అని గొంతు పట్టుకున్నాను. నీది బాగుంది కదా అనుకున్నా అన్నాడు. వదిలేశాను. ఎవడి గొంతు పట్టుకోవాలో తెలిసీ అతనిది పట్టుకున్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా తగిలిందా అని అడిగాడు. నాకే అన్నాను.

బోల్టును మణిమారన్‌కు ఇచ్చేశానని ఇంట్లో చెప్పాను. అమ్మ సంతోషించింది. అక్క మాత్రం చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చుంది. నా కోసం పంపించేసినావా అని అడిగింది. ఊ అన్నాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

పెద్దాస్పత్రి. లైను మెట్ల దాకా. కుక్క కరిచినవాళ్ళు, పిల్లి గీరినవాళ్ళు, కోతి కరిచిన ఒక ముసలాయన. అందరూ ఒకరి గాయం ఒకరు చూసుకుని నాది చిన్నదే అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను.

నర్సు పేరు సరణ్య, బ్యాడ్జి మీద ఉంది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది ఉంటుంది. నా చేతులు రెండూ తిప్పి చూసి అరవంలో అడిగింది, ఇందులో కుక్కది ఏది, మిషన్‌ది ఏది అని. చూపించాను. అప్పటికి మానిపోయిన సన్న గీత. రక్తం వచ్చిందా? కొంచెం. సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగావా? రంపపు పొట్టుతో రుద్దానంటే నా ముఖం చూసింది.

కరవలేదు, గీరిందంతే అన్నాను. కుక్క తన కాళ్ళు నాక్కుంటుంది, చొంగ గోళ్ళ మీద ఉంటుంది, చర్మం చిట్లితే చాలు అంది. పసిది కదా అన్నాను. పసిదానికి తల్లి ఇవ్వదా, ఇంకో కుక్క ఇవ్వదా అంది. టీటీ వేయించుకున్నానన్నాను. అది దెబ్బ పుచ్చి దవడ బిగుసుకోకుండా వేసేది, దీనికి పని చేయదు అంది. కోప్పడలేదు. రోజుకు వందమందికి చెప్పిన గొంతు.

గీత చుట్టూ ఒక మందు గుచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తరవాత రెండు భుజాలకు. చీటీ మీద తేదీలు రాసింది: 5, 8, 12, అక్టోబర్ 3.

ఇంట్లో ఇంకెవరినైనా గీరిందా అని అడిగింది.

లేదు అన్నాను.

సెప్టెంబర్ 6

కడుపుతో ఉన్న మనిషికి అట్లాంటి సూదులు వేయరు. అందరికీ తెలిసిన సంగతి. ఎవరు చెప్పారో గుర్తు లేదు.

అక్క గీత నా గీత కంటే సన్నం. పసుపు పెట్టారు. సూది పడింది.

సగం రోజు సెలవు అడిగినందుకు ఓనర్ షాపంతా వినిపించేలా, ఏమప్పా, కుక్క గీరితే సెలవా, పిల్లి ఎదురొస్తే రెండు రోజులా అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చూలైలో నలభై ఏళ్ళుగా ఇనుము కోస్తున్నాడు, ఆయన బుర్రను మాత్రం ఏ టూలూ కోయలేదు. బావ వారమైనా వచ్చి చూడలేదు. టీవీలో కుక్కల మీదే చర్చ, చంపాలని ఒకడు, పెంచాలని ఒకడు, ఇద్దరికీ మంచి చొక్కాలు. అందరూ దొంగలే.

సూది పడింది. సూది పడింది అని ఎన్నిసార్లు రాసినా ఏ సూదో రాయడం లేదు నేను.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈ రాత్రి చంద్రగ్రహణం. అమ్మ పొద్దుటి నుంచి యుద్ధానికి సిద్ధమైంది. కిటికీకి దుప్పటి కట్టింది. కత్తి, కత్తిపీట, సూదులు, పిన్నీసులు అన్నీ పైన అటకెక్కించింది. నీళ్ళ బిందెలో గరిక వేసింది. మధ్యాహ్నం నుంచే అక్కకు పాఠం. గ్రహణంలో ఏదీ కోయకూడదు, తుంచకూడదు, ఒంటి మీద గోరు తగలకూడదు. గోరు తగిలితే బిడ్డకు అక్కడే మచ్చ.

ఆకాశంలో నీడ కోసం ఇంత చేసే మనిషి. ఈ ఇంట్లో ఒక గోరు ఎప్పుడో తగిలింది. అది తెలిసినవాడు మంచం మీద కూర్చుని ఉల్లిపాయలు వలుస్తున్నాడు.

సాయంత్రం అక్క గాజుల కింద వేలు పెట్టి గీరుకుంటోంది. అమ్మ చూసి అరిచింది.

"గ్రహణం దినమూ గోకకూడదంటిని గదా మంగళా!"

"గ్రహణానికి ఇంకా పొద్దు ఉండాది మా. ఆ గాజు గీసిన కాడ చుమ్మా ఊరికినే నమనమ అంటా ఉండాది. చీమలు పారినట్టు."

ఉల్లిపాయ పక్కన పెట్టేశాను.

ఆస్పత్రి గోడ మీద బొమ్మలతో అరవంలో పెద్ద కాగితం ఉంది. నేను గోడ మీద రాసింది ఏదైనా చదువుతాను, అట్లాగే చదువు నేర్చుకున్నాను. గాయమైన చోట తిమ్మిరి, దురద, మంట. తరవాత నీళ్ళంటే భయం. తరవాతది చదవలేదు. చదివాను.

మానే పుండు దురద పెడుతుంది. చెమటకు, గాజు రాపిడికి దురద పెడుతుంది. నాదీ పెడుతోంది.

అక్క చెంబెత్తి నీళ్ళు తాగింది. నేను ఆమె గొంతు చూశాను. పైకి, కిందికి. పైకి, కిందికి.

ఏందిరా అట్లా చూస్తావు అంది.

సెప్టెంబర్ 8, సోమవారం, పొద్దున. ఆస్పత్రి మెట్ల మీద

రెండోది పడింది.

లేచే ముందు సరణ్యను అడిగాను. మా పక్కింట్లో ఒకామె ఉంది, ఎనిమిదో నెల, ఆమెను కూడా కుక్కపిల్ల గీరింది, కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ సూది వేయకూడదు కదా అని. కదా అని అడిగాను. అవును, వేయకూడదు అంటుందని.

ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"కడుపుతో ఉన్నారనే ముందు వెయ్యాలి. బిడ్డకి ఏమీ కాదు. వెయ్యకపోతే ఇద్దరూ. ఎప్పుడు గీరింది?"

పదకొండు రోజులు అన్నాను.

లెక్కగా ఆ రోజే రావాల్సింది, ఇప్పటికైనా ఆలస్యం కాలేదు, ఒంట్లో గుర్తులు కనపడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు అంది. ఆ కుక్క ఎట్లా ఉంది అని అడిగింది. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పక్కింటామెను ఈ పొద్దే, ఇప్పుడే తీసుకురా అంది.

మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లేచి నడవాల్సినవాడు రాస్తున్నాడు. చూడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

నిన్నటిది.

ఇంటికి పోయేసరికి అమ్మ వీధి పంపు దగ్గర ఉంది. అక్క మునగాకు దూస్తోంది. ఓనర్‌ను, బావను, మణిమారన్‌ను, టీవీని ఎవరినైనా తిట్టగలను, నాది చెప్పుకోవడానికి నాకు నోరు లేదు. సంచిలో నుంచి ఈ పుస్తకం తీశాను. నేనొకటి చదువుతా, విను అన్నాను. ఏందిరా, కథ రాస్తా ఉండావా అని నవ్వింది.

ఆగస్టు పంతొమ్మిది నుంచి చదివాను. 'ఏసిందే అన్నాను. వేయలేదు' దగ్గర ఆకు దూయడం ఆగింది. చదువుతూనే పోయాను. గడప. గీత. టీటీ. బోల్టు నీళ్ళు మింగలేకపోవడం. పూడ్చడం. అక్క ఒక్కసారి కూడా ఆపలేదు. కాడ చేతిలోనే ఉంది. ఆస్పత్రి పేజీ వచ్చింది. గీత చుట్టూ గుచ్చింది, భుజాలకు వేసింది, తేదీలు రాసింది అని చదివి పేజీ తిప్పాను.

"ఆగు," అంది. "ఆడ ఒక వరస మింగినావు."

"లేదక్కా."

"నీ కండ్లు కిందికి పోయినాయి, నోరు పోలేదు. తిప్పు ఎనక్కి."

వెనక్కి తిప్పాను. ఇంట్లో ఇంకెవరినైనా గీరిందా అని అడిగింది. లేదు అన్నాను. చదివాను.

వీధిలో పంపు చప్పుడు వినిపిస్తోంది. అక్క తన గాజుల వైపు చూసుకుంటోంది. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను.

"నీకి మాత్రం ఏయించుకుంటివి," అంది.

"ఊ."

"రెండు."

"ఊ."

"నాలుగు దినాలు నా ఎదురుగా కూసోని అన్నం తింటివి."

అక్క ఆకు పళ్ళెం పక్కకు నెట్టి, గోడ పట్టుకుని, పొట్టతో బరువుగా లేచింది. నేను చెయ్యి ఇవ్వబోతే తీసుకోలేదు.

అమ్మ బిందెతో వచ్చింది. విషయం వినగానే బిందె దించి నా చెంప మీద ఒకటి ఇచ్చింది, తడిచెయ్యి, గట్టిగా. ఆ తరవాత పాట మొదలు. ఎనిమిదో నెలలో కుక్క సూదులా, బిడ్డకు ఏమన్నా అయితే ముత్తురాజ్‌కు ఎవరు చెప్తారు, ఎదురింటి మునియక్క కోడలికి ఏదో సూది వేస్తే ఏదో అయింది, మంత్రం వేసే ఆయన ఉన్నాడు రాయపురంలో. అక్క చెప్పులు వేసుకుంటూ ఒక్క మాట అంది.

"మా, గాజు గీసింది కాదు. కుక్కే గీరింది. అబద్ధం చెప్పింది వాడొకడే కాదు, నేనూ. పోదాము పద."

సరణ్య మమ్మల్ని చూసింది. అక్కను చూసింది, నన్ను చూసింది.

"పక్కింటామెకి అచ్చం నీ ముక్కే ఉందే," అంది.

గీత చూడాలంటే గాజులు తీయాలి. మందు ఆ గీత దగ్గరే గుచ్చాలి. జరిపితే చాలదా అని అమ్మ. జరగవు, చేతికి నీరు పట్టింది. పగలగొట్టండి అని వెనక లైనులో ఎవరో అన్నారు. అమ్మ వాళ్ళ వైపు తిరిగి చూసిన చూపుకు లైను రెండడుగులు వెనక్కి పోయింది.

తరవాత అమ్మ అక్క చెయ్యి పట్టుకుని వరండా చివర కుళాయి దగ్గరికి నడిపించింది. అక్కడున్న సబ్బు తీసుకుని మోచేతి నుంచి వేళ్ళ దాకా నురగ పెట్టింది. గాజు ఒకటి తిప్పుతూ, వేళ్ళు మడిచి, మెల్లగా జార్చింది. వచ్చింది. కొంగులో వేసుకుంది. ఇంకొకటి. కాన్పు దాకా ఒక్కటీ తీయకూడదని బస్సంతా చెప్పిన మనిషి, తనే, ఒక్కొక్కటే. నురగ గీత మీదుగా జారుతోంది. కుళాయి పారుతూనే ఉంది. చివరిది వచ్చాక అమ్మ కుళాయి కట్టబోతే సరణ్య వచ్చి వద్దంది. ఇంకా కాసేపు పారనీ, ఈ కడుగుడు అప్పుడే చేయాల్సింది, ఇప్పుడైనా మంచిదే అంది.

పదకొండు రోజుల కిందట కడగాల్సిన చెయ్యి. సబ్బు మా గడప నుంచి నాలుగడుగుల దూరంలో ఉండింది. నీళ్ళు కూడా.

సూది గుచ్చినప్పుడు అక్క నా చేయి పట్టుకోలేదు. అమ్మది పట్టుకుంది. దురద సంగతి నేనే చెప్పాను. సరణ్య వేలితో నొక్కి చూసింది, నీళ్ళు తాగించి చూసింది, డాక్టర్‌ను పిలిచింది. గాజు రాపిడికి పొక్కింది, అదే అయి ఉంటుంది అన్నాడు ఆయన. అయి ఉంటుంది. ఆ మాటను పట్టుకునే ఇంటికి వచ్చాం.

అదే గాజులు అమ్మ సాయంత్రం మళ్ళీ తొడిగింది, కుడి చేతికే అన్నీ.

సెప్టెంబర్ 11

అక్కకు రెండోది. బావ షిఫ్టు వదిలి వచ్చాడు. బస్సు ఎక్కేటప్పుడు, నా దగ్గర కూడా చెప్పాలని అనిపించలేదా బామ్మర్దీ అన్నాడు. నేను తిట్టిపెట్టుకున్న మనిషి. కళ్ళ కింద ఫ్యాక్టరీ మసి.

సెప్టెంబర్ 12

నాకు మూడోది. షాపులో క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించాను, తెలుగులో, అరవంలో: కుక్క గీరితే సబ్బు, పారే నీళ్ళు, పెద్దాస్పత్రి. టీటీ కాదు. ఓనర్ వచ్చి నిలబడి చదివాడు. ఏదో అనబోయాడు. నా ముఖం చూసి మిషన్‌కు ఆయిల్ వేసుకోమని పోయాడు. కాగితం చింపలేదు.

సెప్టెంబర్ 15

మూడోది, అక్కకు. అక్క ఇంకా నాతో పని మాటలే. ఉప్పు అందుకో. తలుపు వెయ్యి.

సెప్టెంబర్ 22

చక్కు, టూల్, బుష్. చక్కు, టూల్, బుష్.

ఇంటికి వచ్చి అక్క నీళ్ళు తాగే దాకా చొక్కా విప్పను.

అక్టోబర్ 3

నాది అయిపోయింది. మణిమారన్‌ది మూడు రోజుల కిందటే అయింది. మళ్ళీ పాడుతున్నాడు.

అక్టోబర్ 6, సోమవారం

అక్కకు నాలుగోది. అన్నీ తేదీ తప్పకుండా పడ్డాయి, ఇక పోయి బిడ్డ సంగతి చూసుకోండి అంది సరణ్య. చీటీ మీద సంతకం చేసి, పక్కింటామెను మళ్ళీ ఇక్కడికి తీసుకురాకు అని నాతో అంది. డాక్టర్ కూడా భయం లేదన్నాడు. కాగితం మీద భయం లేదు. నాకు ఇంకా ఉంది. పొద్దున లేస్తూనే ఆమె గొంతు వింటాను, మారిందా అని.

ఇంటికి వచ్చాక పుస్తకం తీసి పైన పెట్టబోతుంటే అక్క పిలిచింది.

"ఈడికి రా. ఆ దినం ఆపిన కాడ్నుంచి ఏమేమి రాసినావో చదువు."

చదివాను. స్టాపులు పిలిచే కండక్టర్‌లా నిలబడి. బావను తిట్టింది, తరవాత ఆయన కళ్ళ కింద మసి చూసింది, ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అన్నీ. ఆమె పుస్తకం వైపు చూడలేదు. నా కళ్ళ వైపే చూస్తోంది. ఎక్కడా వరస మింగలేదు. ఇంటికి వచ్చి అక్క నీళ్ళు తాగే దాకా చొక్కా విప్పను అనేది కూడా చదివాను.

అక్క లేచి బిందె దగ్గరికి పోయి పెద్ద చెంబు నిండా ముంచింది. వచ్చి నా ఎదురుగా, దీపం కింద నిలబడింది. తల పైకెత్తి, మెడ నాకు కనపడేట్టు, ఆపకుండా తాగింది. కుడి చేతి గాజులు గలగలమన్నాయి. అడుగు దాకా తాగి, చెంబు బోర్లించి చూపించింది.

"చూసినావా?"

"చూసినా."

"రాసుకో. రాసి, చొక్కా ఇప్పు. ఆయిల్ కంపు."